శంషాబాద్ పొగ మజ్జిగ

మా భీమవరంలో శంషాబాద్ అంటే విమానం ఎక్కే చోటు, అంతే. వెళ్తున్నానని చెబితే చాలు, "ఏ దేశమండీ?" అని అడిగేవారు. నేను అక్కడ మూడు రోజులుండి, తల మీదుగా పోయే విమానాలను మెడ నొప్పి పుట్టేదాకా చూసి, ఒక్కటీ ఎక్కకుండా తిరిగొచ్చాను. నేను వెళ్లింది సర్వపిండి కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సర్వపిండి చూపించి జనాన్ని ఎలా రప్పిస్తారో నేర్చుకుందామని.

నేను ఇంట్లో బెల్లం గవ్వలు, జంతికలు చేసి పొట్లాలు కట్టి అమ్ముతాను. అంతకు ముందు రొయ్యల ప్యాకింగు షెడ్డులో పనిచేసేదాన్ని. కిందటేడు మా వీధి చివర కొత్త దుకాణం ఒకటి తెరిచారు. వాళ్లు గవ్వల మీద చాక్లెట్ పోసి, పైన రంగు పలుకులు జల్లి, ఫోన్లలో వీడియోలు పెట్టడం మొదలెట్టారు. నా దగ్గర ఏళ్ల తరబడి కొన్నవాళ్లు కూడా అక్కడ వరసలో నిలబడ్డారు. నాకు నిద్ర పట్టని రోజులవి. అప్పుడే నా ఫోన్లో శంషాబాద్‌లో తిండి బండి నడిపే సబిత అనే ఆవిడ వీడియో కనబడింది. నాలుగడుగుల పొడవైన సర్వపిండి, దాని వెనక ఆకాశంలోంచి దిగుతున్న విమానం. పేరు రన్‌వే సర్వపిండి. బాగుందమ్మా అని రాస్తే ఆవిడ జవాబిచ్చింది. అలా ఫోన్లలో స్నేహం కలిసి, "ఒక్కసారి వచ్చి చూసిపో అక్కా" అనేదాకా వచ్చింది.

మొదటి రోజు: సర్వీసు రోడ్డు పక్కన

సబితకి ముప్పై ఐదేళ్లుంటాయి. బస్సు దిగేసరికి స్కూటీ మీద ఎదురొచ్చి, నా సంచి లాక్కుని ముందు పెట్టుకుంది.

"గింత బరువేందక్కా, ఊరంత మూటగట్టుకొచ్చినవా?"

"గవ్వలు, జంతికలమ్మా. ఉత్త చేతులతో ఎలా వస్తానండీ?"

"నన్ను అండీ అంటున్నవా? నేను నీకంటె చిన్నదాన్ని!" అని దారంతా నవ్వుతూనే ఉంది. మా గోదావరి వైపు అండీ లేకుండా నోట్లోంచి మాట రాదు. ఇక్కడ ఆ మాట అంటే దూరం పెట్టినట్టు అనుకుంటారని రెండో రోజుకి గాని నాకు తెలియలేదు.

ఆమె బండి సర్వీసు రోడ్డు పక్కన, ఒక కానుగ చెట్టు కింద ఉంది. భర్త ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. నేనున్న మూడు రోజుల్లో ఆయన తిరుపతి కిరాయి మీద వెళ్లి ఉన్నాడు. బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సబిత తండ్రి ఎల్లయ్య గారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల మీసాలు, భుజాన కండువా, పక్కన మట్టి కుండలో సల్ల. సల్ల అంటే మన మజ్జిగే. ఊరంతా ఆయన్ని బాపు అనే పిలుస్తుంది.

పొద్దున్నే మొదటి సర్వపిండి నాకే పెట్టింది సబిత. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లిగడ్డ, కారం కలిపి, చల్లటి గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో కాస్త నూనె పోసి మూత పెడుతుంది. మన దిబ్బరొట్టె పైన కరకర, లోపల మెత్తన. దీనికి మెత్తదనంతో పని లేదు, చివరిదాకా కరకరే. అంచు విరిగినప్పుడు వచ్చే చప్పుడు విని పక్క బల్ల మీది క్యాబ్ డ్రైవర్ తల తిప్పి చూశాడు.

గుండ్రటిది అరవై రూపాయలు. రన్‌వే నాలుగు వందలు, నలుగురైదుగురు కలిసి తింటారు. ఎవరినో విమానం ఎక్కించి వచ్చిన ఒక కుటుంబం ఆ రోజు రన్‌వే అడిగింది. వచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. విమానం వచ్చేదాకా ఆగి, ఫోటో తీసుకుని, అప్పుడు తిన్నారు. చల్లారిపోయిన సర్వపిండి తింటూ "సూపర్" అన్నారు. యూనిఫాం వేసుకున్న ఎయిర్‌పోర్టు అమ్మాయి ఒకతె మాత్రం గుండ్రటిది తీసుకుని, ముందు పల్లీలన్నీ ఏరుకుని తిని, తర్వాత మిగతాది తింది. రోజూ ఇంతేనట.

యాభై అడుగుల దూరంలో ఇంకో బండి ఉంది. దాని మీదా రన్‌వే సర్వపిండి అనే బోర్డే. పైగా 'అసలైన' అని ఎర్ర అక్షరాలు.

"రవి అని, మామిడిపల్లి పోరడు," అంది సబిత గొంతు తగ్గించి. "నా వీడియో ఎక్కి నెల గూడ గాలే అక్కా, బండి దింపిండు. ఇప్పుడు సగం మంది గాడికే పోతరు. ఇగ కొత్తది ఏదన్న చెయ్యకపోతే నా పని అయిపోయినట్టే."

నేను భీమవరం నుంచి మోసుకొచ్చిన దిగులే ఆవిడ దగ్గరా ఉంది. నేర్చుకుందామని వచ్చి, ఆ మాట విన్నాక కొంచెం నీరసం వచ్చింది.

రెండో రోజు: మైలార్‌దేవ్‌పల్లి, బడంగ్‌పేట్

పొద్దున మైలార్‌దేవ్‌పల్లి వెళ్లాం, పొడవు పెనానికి పిడి ఊడిపోతే అతికించడానికి. ఇనుప సామాను చేసే ఖాదర్ సాబ్ దుకాణం ఇరుకు సందులో ఉంది. గోడ నిండా పెనాలు. గుండె ఆకారంలో ఒకటి, స్టీరింగు ఆకారంలో ఒకటి, మనిషి మొహమంత ఇడ్లీ రేకు ఇంకోటి.

"ఇవన్నీ అమ్ముడవుతాయాండీ?" అని అడిగాను.

"అమ్ముడైనవే అమ్మా. పోయినవి వాపసొచ్చినయి." ఆయన గుండె పెనాన్ని వేలితో మోగించాడు. "గుండె దోశ మూడు నెలలు నడిచింది. స్టీరింగు రొట్టె జర ఎక్కువ, నాలుగు. ఆ ఇడ్లీ అయితే పదిహేను దినాలు. తయారు చేయించుకున్న ధరకి సగానికి నాకే ఇచ్చిపోతరు. కరిగించి మళ్ల గుండ్రటి పెనాలు చేస్త."

సబిత తన పెనాన్ని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఖాదర్ సాబ్ మొహమాటపడి, "నీది మంచిగనే నడుస్తది బేటీ, ఇనుము గట్టిది," అని చాయ్ తెప్పించాడు. మా వైపు టీ అంటే పాలు కళ్లకి కనబడాలి. ఇక్కడి చాయ్‌కి పట్టే మీగడ పెదవికి అంటుకుంది. పిడి అతికించినందుకు డబ్బు తీసుకోలేదు.

అక్కణ్నుంచి బడంగ్‌పేట్‌లో శ్రవణ్ ఇంటికి. ముప్పై ఏళ్ల వాడు. చిన్న బండ్లకి, హోటళ్లకి వింత వంటకాలు కనిపెట్టి, పేర్లు పెట్టి, వీడియో తీసి జనంలోకి తోయడం అతని వృత్తి. రన్‌వే కూడా అతని ఆలోచనే. కొత్త కాలనీలో రెండో అంతస్తు, గదిలో మూడు దీపాలు, ఒక పొయ్యి. గోడకి విమానాల టైములు రాసిన కాగితం.

"చూసేవాళ్ల వేలు ఆగాలె అక్కా, అంతే," అని నాకు పాఠం చెప్పాడు. "మొదటి మూడు సెకన్లల్ల ఏదో ఒకటి జరగాలె. పొగ రావాలె, లేకుంటే సాగాలె, లేకుంటే పగలాలె. ఈ మూడిట్ల ఒకటి లేకుంటే ఎంత రుచి ఉన్నా చూడరు. మీ గవ్వ సాగదు, పొగ రాదు. పగలగొడ్దాం. లోపల చాక్లెట్ పెట్టి వేయించుర్రి. పటుక్కున పగిలి కారాలె."

నాకు ఉత్సాహం వచ్చేసింది. అక్కడికక్కడే పిండి కలిపి, గవ్వ కడుపులో చాక్లెట్ ముక్క పెట్టి అంచులు నొక్కి నూనెలో వేశాను. మూడోది వేసేసరికి మొదటిది పేలింది. నూనె గోడకి, నా జాకెట్టు చేతికి, విమానాల కాగితానికి చిందింది. సబిత గబుక్కున పొయ్యి ఆర్పింది. అడుగున నల్లగా మాడిన ముద్దని గరిటెతో గోకుతుంటే, ఇన్నేళ్లలో ఏనాడూ గవ్వ మాడ్చని దాన్ని, నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఫరవాలేదక్కా, నా దగ్గర ఇంకో ఐడియా ఉన్నది. అది సబితక్కకు," అన్నాడు శ్రవణ్. "రేపు పొగ."

మూడో రోజు: కానుగ చెట్టు కింద

పది గంటలకి శ్రవణ్ థర్మోకోల్ పెట్టెతో వచ్చాడు. మూత తీయగానే లోపలి తెల్ల ముక్కల మీంచి పొగ నేలకి పాకింది. చూస్తూనే గుర్తుపట్టాను. డ్రై ఐస్, గ్యాసుని గడ్డకట్టించిన అతి చల్లటి ముక్కలు. షెడ్డులో విమానాల్లో పంపే రొయ్యల నమూనా పెట్టెల్లో పెట్టేవాళ్లం. రత్నం అని నాతో పనిచేసే ఆవిడ ఒకసారి చేతి తొడుగు లేకుండా ఆ ముక్కని పట్టుకుంది. అరచేయి నిప్పు అంటించినట్టు బొబ్బలెక్కిపోయింది.

"బాబూ, ఇది పొరపాటున మింగితే లోపల కాలిపోతుంది," అన్నాను.

"తాగనీకి కాదక్కా, చూపియ్యనీకే. పొగంత పోయినంకనే తాగాలె అని బోర్డు పెడ్తం. పేరు మబ్బు సల్ల. సర్వపిండి పక్కన ఒక గ్లాసు, పైనుంచి విమానం. ఆలోచించుర్రి."

సబిత నా మొహం చూసింది, అతని మొహం చూసింది. తర్వాత అటు రవి బండి దగ్గర నిలబడ్డ జనాన్ని చూసింది. "ఒక్క వీడియోనే గద అక్కా," అంది. నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్ని. ఆవిడ పొట్టకూటి సంగతి. అంతకు మించి చెప్పలేక ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

గాజు గ్లాసులో బాపు కుండలోంచి మజ్జిగ పోసి, పట్టకారుతో నిమ్మకాయంత ముక్క వేశాడు శ్రవణ్. మజ్జిగ కుతకుతలాడింది. పొగ అంచులు దాటి సబిత వేళ్ల మీదుగా జారింది. సరిగ్గా అప్పుడే విమానం. నిజం చెప్పాలి, చాలా అందంగా ఉంది. నేను కూడా నోరు తెరుచుకుని చూశాను.

ఎండలో ఫోను తెర కనిపించక ముగ్గురం బండి వెనక నీడలోకి వెళ్లి వీడియో చూసుకున్నాం. రెండుసార్లు చూశాం. తిరిగొచ్చేసరికి గ్లాసు బాపు కుర్చీ పక్కన బల్ల మీద ఉంది. ఖాళీ. బాపు కండువాతో మీసాలు తుడుచుకుంటున్నాడు.

"బాపూ! గా గ్లాసుల సల్ల తాగినవా?" అంది సబిత.

"తాగిన. ఏం?"

"దాంట్ల ముక్క? ముక్క గూడ మింగినవా?" అని శ్రవణ్ అరిచాడు. ఆ క్షణాన ఇంకో విమానం నెత్తి మీదకొచ్చింది. దాని హోరులో మా మాటలు మాకే వినబడలేదు. బాపు తల ఊపాడు.

సబిత పొయ్యి ఆర్పిందో లేదో కూడా చూసుకోకుండా తండ్రి చెయ్యి పట్టి లేపింది. "దవాఖానకు పోదాం పా బాపూ, జల్ది!"

"ఇప్పుడేనా?" అన్నాడాయన. మొహంలో మాత్రం భయం లేదు.

శ్రవణ్ తన కారు తెచ్చాడు. నేను వెనక సీట్లో బాపు పక్కన కూర్చున్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. కడుపులో గాలి ఉబ్బుతుందేమోనన్న భయంతో నేనే ఆపాను.

"మీరేం మాట్లాడకండి బాబాయిగారూ. కదలకుండా కూర్చోండి."

ఆయన బుద్ధిగా నోరు మూసుకుని కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ముందు సీట్లో సబిత వెక్కిళ్లు. శ్రవణ్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. పది నిమిషాల దారి. దేవుళ్లందరినీ తలుచుకున్నాను. పొద్దున నోరు గట్టిగా విప్పి ఉంటే ఈ మనిషి కుర్చీలో సుఖంగా ఉండేవాడు కదా అన్న మాటే బుర్రలో తిరిగింది.

దవాఖాన

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పాతికేళ్ల పిల్లలా ఉంది గాని చెయ్యి స్థిరంగా ఉంది. శ్రవణ్ తడబడుతూ సంగతి చెప్పగానే బాపుని మంచం మీద పడుకోబెట్టి, నోట్లో టార్చి వేసి చూసి, పొట్ట నొక్కింది.

"నొప్పి ఉందా పెద్దాయనా?"

"ఉన్నది."

సబిత గోడ పట్టుకుంది.

"ఎక్కడ?"

"మోకాలుల. ఎడమ దాంట్ల. మెట్లెక్కితే సురుకు సురుకు మంటది."

"మోకాలు కాదు, కడుపులో. గొంతులో మంటగా ఉందా?"

"కడుపుల నాకేం నొప్పి అమ్మా? మోకాలని చెప్తున్న గద! రెండు నెలల సంది అడుగుతున్న, దవాఖానకు తీసుకపోర్రి అని. ఇయ్యాల్ల ఈళ్లకు టైం దొరికింది."

 సబిత మంచం దగ్గరకొచ్చి వంగి, ఒక్కో మాటా విడగొట్టి అడిగింది. "బాపూ. పొగ వస్తున్న సల్ల. అది తాగినవా, లేదా?"

"పొగొచ్చేది ఎవలన్న తాగుతరా? కానుగ చెట్టు మొదట్ల పారబోసిన. గ్లాసు కడిగి, కుండలది పోసుకొని తాగిన."

"మరి నేను అడిగినప్పుడు తాగిన అన్నవు?"

"సల్ల తాగినవా అన్నవు, తాగిన అన్న. కార్ల చెప్పబోతే ఈ అక్క మాట్లాడొద్దన్నది. ఇగ నన్ను ఎవలన్న అడిగిండ్రా?"

డాక్టరమ్మ నవ్వలేదు. చెట్టు కింద ఎవరైనా చూసి చెప్పగలరా అంది. అక్కడున్నది రవి ఒక్కడే. సబిత అతనితో నెల రోజులుగా మాట్లాడలేదు. శ్రవణ్ ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. అటు నుంచి పరుగు చప్పుడు, రొప్పు, తర్వాత రవి గొంతు.

"ఉన్నదన్నా, ఉన్నది! మట్టిల తెల్లగ సల్ల పారబోసి ఉన్నది. నడిమిట్ల చింతగింజంత ముక్క, ఇంక జర జర పొగొస్తున్నది. బాపుకు ఎట్లున్నది? అక్కకు చెప్పు, పొయ్యి నేను బంద్ చేసిన. పెనం మీద మూత పెట్టిన."

సబిత అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నేను ఆవిడ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.  గుండె మీంచి ఎవరో బస్తా దించినట్టయింది. శ్రవణ్ బయట మెట్ల మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నీళ్లసీసా ఇచ్చాను. "ఇంట్ల మూడేండ్ల పాప ఉన్నదక్కా," అన్నాడు. "నిన్న ఇదే పెట్టె ఇంట్ల పెట్టిన."

డాక్టరమ్మ ఒక గంట కూర్చోబెట్టి, ఏమీ లేదని నిశ్చయం చేసుకుంది. ఆ తర్వాతే మోకాలు చూసింది. పూత మందు రాసి, పట్టీ కట్టించి, రోజూ పడుకుని కాలు ఎత్తే కసరత్తు ఒకటి నేర్పింది. బాపు దాన్ని అక్కడికక్కడే పదిసార్లు చేసి చూపించాడు.

ఆ సాయంత్రం

తిరిగి రాగానే శ్రవణ్ థర్మోకోల్ పెట్టెని జనానికి దూరంగా ఖాళీ ప్లాటు మధ్యలో తెరిచి పెట్టి, చివరి ముక్క ఆవిరై మాయమయ్యేదాకా కాపలా కాశాడు. వీడియో మా ముందే చెరిపేశాడు. చెరిపే ముందు ఒక్కసారి చూశాడు. పాపం, తన పనితనం కదా.

సబిత నాలుగింటికి బండి తెరిచింది. పొడవు పెనం కడగలేదు, గుండ్రటిదే పెట్టింది. మొదటి సర్వపిండి వేడివేడిగా ఆకులో పెట్టి తనే రవికి ఇచ్చొచ్చింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. రవి తల దించుకుని నిలబడటం, సబిత అతని వీపు మీద ఒకటి చరచడం మాత్రం కనిపించింది. అసలైన అనే ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. ఉండనీ అంది సబిత. "ఇయ్యాల్ల నాకు దేనిమీద కోపం రాదక్కా."

జనం రోజూ వచ్చినంతే వచ్చారు. రన్‌వే లేదని ఇద్దరు వెనక్కి పోయారు. మిగతావాళ్లు గుండ్రటిది తిన్నారు. యూనిఫాం అమ్మాయి వచ్చి పల్లీలు ఏరుకుంది. నేను పక్క పొయ్యి మీద పిండి కలిపి, చాక్లెట్ లేని, పొగ రాని మామూలు గవ్వలు వత్తి వేయించాను. పాకం పట్టగానే బెల్లం, నెయ్యి వాసనకి ఇద్దరు డ్రైవర్లు లేచి వచ్చారు. బాపు ఒకటి నమిలి, "శంఖం తీరుగున్నది, మంచిగున్నది," అన్నాడు. శ్రవణ్ అడిగి, నా బొటనవేలు గీతల చెక్క మీద పిండిని నొక్కి దొర్లించడం వీడియో తీశాడు.

"దీంట్ల పొగ లేదు, సాగేది లేదు," అన్నాను.

"తెలుసక్కా. ఊరికెనే తీస్తున్న."

ఇంటికొచ్చాక

ఆ వీడియో పెట్టాను. ఊరూవాడా ఏమీ కదిలిపోలేదు. కాకినాడ నుంచి ఇద్దరు, తణుకు నుంచి ఒక పెళ్లివారు పొట్లాలు అడిగారు. పాతవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. నాకది చాలు. రాత్రుళ్లు నిద్ర పడుతోంది.

సబిత కొత్త వంటకం ఏదీ పెట్టలేదు. అడిగినవాళ్లకి రన్‌వే, మిగతా అందరికీ గుండ్రటిది. శ్రవణ్ ఇప్పుడు ఎవరికి ఏ ఐడియా చెప్పినా ముందు తన పాపకి పెట్టగలనా అని చూసుకుంటున్నాడట.

మొన్న ఆదివారం సబితతో మాట్లాడుతుంటే బాపు ఫోన్ లాక్కున్నాడు. మోకాలు ఎలా ఉంది బాబాయిగారూ అని అడిగాను.

"ఎడమది మంచిగైందమ్మా, మెట్లు ఎక్కుతున్న. ఇప్పుడు కుడిది మొదలువెట్టింది. ఆ పొగ సల్ల మళ్ల ఎప్పుడు చేస్తరు?"